గాయపడిన చేయి, మారిన వాద్యం: ముగ్గురు గిటారు కళాకారుల వేదికా పునఃప్రవేశం – ఒక పరిశీలన

ప్రవేశిక

ఆధునిక పాశ్చాత్య సంగీత చరిత్రలో చేతికి గాయమైన గిటారు కళాకారుల వృత్తాంతాలు దాదాపు ఒకే మూసలో కనిపిస్తాయి. ప్రమాదం జరుగుతుంది, ఇక వాయించడం అసాధ్యమని వైద్యులు చెబుతారు, కళాకారుడు పట్టుదలతో సాధన చేసి తిరిగి వేదిక ఎక్కుతాడు, ఆ గాయం నుంచే కొత్త శైలి పుట్టిందని రచయిత తీర్మానిస్తాడు. జాంగో రైన్‌హార్ట్ (1910–1953), టోనీ అయోమీ (జననం 1948), లెస్ పాల్ (1915–2009) గురించి వ్యాప్తిలో ఉన్న రచనల్లో అధికభాగం ఈ మూసలోనివే. ఇందులో సత్యాంశం లేకపోలేదు. అయితే ఈ కథనం రెండు విషయాలను మరుగుపరుస్తుంది. ఈ ముగ్గురిలో ఎవరి చేయీ పూర్వస్థితికి రాలేదు. చేయి చేయలేని పనిని వాద్యం, తీగలు, శ్రుతి, తోటి వాద్యకారులు పంచుకున్నారు. ఇక గాయమే శైలికి కారణమన్న వాదనను ధ్వనిముద్రికల కాలక్రమంతో సరిచూస్తే అది చాలాచోట్ల నిలవదు. ఈ రెండు అంశాల పరిశీలనే ఈ వ్యాసం ఉద్దేశం.

నాలుగు వేళ్ల ప్రమాణం

గిటారు వాదనంలో ఒక చేయి మెట్లపై తీగలను నొక్కుతుంది, మరొకటి మీటుతుంది. నొక్కే చేతి నాలుగు వేళ్లూ సమానంగా పనిచేయాలన్నది ఐరోపా గిటారు బోధనలో స్థిరపడిన ప్రమాణం. అనేక స్వరాలను ఏకకాలంలో పలికించవలసిన సంగీతంలో అది సహజమే. కాని ప్రమాణం మారితే లోపం నిర్వచనమూ మారుతుంది. మన వీణ వాదనంలో ఎడమచేతి చూపుడు వేలు, మధ్య వేలు మాత్రమే ప్రధానంగా మెట్లపై సంచరిస్తాయి. తీగను పక్కకు లాగి ఒకే మెట్టుపై అనేక స్వరస్థానాలను పలికించడం అక్కడి పద్ధతి. రెండు వేళ్లతో వాయించే వైణికుణ్ణి ఎవరూ వికలాంగుడనరు. జాంగో విషయంలో 'రెండే వేళ్లతో' అన్న మాట ఆశ్చర్యార్థకంగా వినిపించడానికి కారణం గిటారు సంప్రదాయం ముందే విధించుకున్న నాలుగు వేళ్ల లెక్క. వైద్యులు 'వాయించలేడు' అన్నప్పుడు కూడా వారి మనసులో ఉన్నది ఆ లెక్కే అయి ఉండాలి.

జాంగో రైన్‌హార్ట్

బెల్జియంలోని లిబెర్షీలో మనూష్ రొమానీ కుటుంబంలో జన్మించిన జాంగో, పారిస్ నగరపు అంచుల్లోని ఇల్లుబండ్ల వాడల్లో పెరిగాడు. బాల్యంలోనే బాంజో-గిటారు పట్టి, 'బాల్ మ్యూజెట్' అనే నాట్యశాలల్లో అకార్డియన్ కళాకారులకు సహకారం వాయించేవాడు. ధ్వనివర్ధకాలు లేని ఆ శాలల రొదలో బాంజోకున్న పదునైన ధ్వని అవసరమైంది. 1928లో వెలువడిన తొలి ముద్రికల్లో అతడు అటువంటి సహకార వాద్యకారుడే. ఒక ముద్రికపై అతని పేరును 'జియాంగో రెనార్' అని తప్పుగా అచ్చువేశారు కూడా. అక్షరజ్ఞానం దాదాపు లేని ఆ యువకుడి కంట ఆ పొరపాటు పడి ఉండకపోవచ్చు. అతని జీవితం గురించి మనకు తెలిసినదంతా ఇతరులు రాసిపెట్టిందేనన్న సంగతిని చరిత్రకారుడు ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి.

1928 చివరి నెలల్లో ఒక రాత్రి అతని ఇల్లుబండిలో మంటలు చెలరేగాయి. అతని భార్య అమ్మకానికి తయారుచేసిన సెల్యులాయిడ్ పూలకు కొవ్వొత్తి మంట అంటుకుంది. జాంగో కుడికాలు, ఎడమచేయి తీవ్రంగా కాలాయి. కాలు తీసివేయాలన్న వైద్యుల సలహాను అతడు తిరస్కరించాడు. కోలుకోవడానికి సుమారు ఏడాదిన్నర పట్టింది. ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు మచ్చకట్టి లోపలికి వంగి అలాగే ఉండిపోయాయి. ఈ కాలంలోనే తమ్ముడు జోసెఫ్ అతనికి ఒక గిటారు తెచ్చి ఇచ్చాడు. అప్పటినుంచి అతని ప్రధాన వాద్యం అదే.

ఏకవాద్య భాగాలను జాంగో చూపుడు, మధ్య వేళ్లతోనే వాయించాడు. వంగిన వేళ్లను పూర్తిగా వదిలివేయలేదు. స్వరగుచ్ఛాలు పట్టేటప్పుడు సన్న తీగలను అదమడానికి వాటినీ వాడుకున్నాడు. 1938 నాటి 'జాజ్ హాట్' అనే లఘుచిత్రంలో ఆ చేతి కదలికను నేటికీ చూడవచ్చు. నాలుగు వేళ్లవాడు ఒకచోట చేయి నిలిపి తీగ నుంచి తీగకు అడ్డంగా సాగేచోట, జాంగో తీగ పొడవునా పైకీ కిందికీ దూకుతాడు. నోటిమాట కంటే నమ్మదగిన సాక్ష్యం ఈ చిత్రం.

1934లో వయొలిన్ విద్వాంసుడు స్తెఫాన్ గ్రాపెల్లితో కలిసి అతడు నెలకొల్పిన 'హాట్ క్లబ్ ద ఫ్రాన్స్' పంచవాద్య బృందంలో డ్రమ్ములు లేవు. రెండు సహకార గిటార్లు, ఒక బేస్ లయభారాన్ని మోశాయి. జాంగో చేతి లోపాన్ని కప్పడానికే ఈ ఏర్పాటు అన్న ఊహ ఆకర్షణీయంగా ఉంటుంది. కాని బృందపు తొలినాళ్ల గురించి చెప్పుకునే వృత్తాంతం వేరు. గ్రాపెల్లి వాయించేటప్పుడు అతని వెనుక రెండు గిటార్లు ఉంటున్నాయని, తన వంతు వచ్చేసరికి ఒక్కటే మిగులుతోందని జాంగో ఫిర్యాదు చేయగా మరో గిటారు చేరిందట. గ్రాపెల్లి వెనుక బలంగా లయ వాయించినవాడు జాంగోయే కాబట్టి, సహకారం అతని చేతికి అసాధ్యమైన పని కాదు. గాయం అతని వేళ్ల దారిని మార్చిందనడం సబబు. బృంద నిర్మాణాన్ని కూడా గాయం ఖాతాలో వేయడం అతివ్యాప్తి.

ఇదే కాలంలో వియన్నాలో పియానో విద్వాంసుడు పాల్ విట్‌గెన్‌స్టైన్ మరో మార్గం అనుసరించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచేయి కోల్పోయిన అతడు, సంపన్న కుటుంబీకుడు కావడం వల్ల, ఎడమచేతికి మాత్రమే సరిపడే రచనలను రవేల్ వంటి స్వరకర్తల చేత రాయించుకోగలిగాడు. నాట్యశాలల నుంచి వచ్చిన గిటారు కళాకారుడికి ఆ స్తోమత లేదు. అయితే అతని సంగీతం మనోధర్మ ప్రధానమైనది. లిఖిత స్వరానికి బద్ధుడు కానందువల్ల చేతికి అందని స్వరాన్ని వదిలి, అందేదాన్ని ఎంచుకునే స్వేచ్ఛ అతనికి ఉంది. గాయపడిన వాద్యకారుడి అవకాశాలను అతని సంకల్పంతో పాటు ఆ సంగీత ప్రక్రియ స్వభావమూ నిర్ణయిస్తుందనడానికి ఇంతకంటే స్పష్టమైన పోలిక దొరకదు.

టోనీ అయోమీ

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ లోహ పరిశ్రమకు పేరుపడ్డ నగరం. 1965లో, 17 ఏళ్ల వయసులో, అయోమీ అక్కడ ఒక రేకుల కర్మాగారంలో పనిచేస్తున్నాడు. బృందంతో కలిసి జర్మనీ పర్యటనకు వెళ్లవలసి ఉండగా అది ఉద్యోగంలో అతని చివరి రోజు. ఒక యంత్రాన్ని నడపవలసిన వ్యక్తి ఆ రోజు రాకపోవడంతో, అలవాటు లేని ఆ యంత్రం దగ్గర ఇతణ్ణి నిలబెట్టారు. కుడిచేతి మధ్య, ఉంగరపు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం కావడంతో అతనికి మెట్లపై తీగలు నొక్కే చేయి అదే.

ఈ వివరాలకు ప్రధాన ఆధారం అయోమీ స్వయంగా దశాబ్దాల తర్వాత చెప్పినవి, 2011లో వెలువడిన ఆత్మకథలో రాసినవి. పదేపదే చెప్పిన కథ కొంత నునుపుదేరుతుంది. 'చివరి రోజు' అన్న అంశాన్ని పాత్రికేయులు విధి వైచిత్ర్యంగా వర్ణిస్తారు. శిక్షణ లేని కుర్రవాణ్ణి అపాయకరమైన యంత్రం దగ్గర నిలబెట్టిన పని పద్ధతి గురించి మాత్రం వారు ప్రశ్నించరు. జాంగోను కాల్చినది కూడా ఇంటిల్లిపాది బతుకుతెరువుకు తయారైన సరుకే. ఈ రెండూ శ్రమజీవుల ప్రమాదాలు. వీరగాథగా మారాక వాటిలో శ్రమ కనుమరుగైంది.

నిరాశలో ఉన్న అయోమీకి కర్మాగారపు పై అధికారి ఒకరు జాంగో ముద్రికను తెచ్చి వినిపించాడు. స్ఫూర్తి కలిగింది, కాని స్ఫూర్తి వేలికొసలను తిరిగి ఇవ్వదు. గిన్నెలు తోమే ద్రవం వచ్చే ప్లాస్టిక్ సీసాను కరిగించి ముద్దచేసి, సోల్డరింగ్ కడ్డీతో రంధ్రం చేసి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది వేలితొడుగులు తయారుచేసుకున్నాడు. ప్లాస్టిక్ తీగపై జారిపోతుంటే పాత తోలుకోటు ముక్కలు అతికించాడు. తొడుగు కింద స్పర్శ ఉండదు కనుక ఎంత బలంగా నొక్కుతున్నదీ చెవితోనే తెలుసుకోవాలి. సన్నని గిటారు తీగల సెట్లు అప్పట్లో దొరకనందున బాంజో తీగలను గిటారుకు బిగించాడు. కర్మాగారంలో నేర్చిన చేతిపనే కర్మాగారం పోగొట్టిన వేళ్లకు బదులు వెతికిందనడంలో అతిశయోక్తి లేదు.

గాయం వల్లనే అయోమీ గిటారు శ్రుతిని తగ్గించాడని, అందువల్లనే 'హెవీ మెటల్' సంగీతం పుట్టిందని ప్రచారంలో ఉంది. కాలక్రమం దీన్ని సమర్థించదు. బ్లాక్ సబాత్ బృందపు మొదటి రెండు సంపుటాలు 1970లో వెలువడ్డాయి. వాటిలో గిటారు ప్రధానంగా సాధారణ శ్రుతిలోనే ఉంది. శ్రుతిని మూడు అర్ధస్వరాలు దించినది 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' సంపుటంలో. అప్పటికే ఆ బృందం భారమైన ధ్వనికి పేరుపొందింది. తీగల బిగువు తగ్గి వేళ్లకు ఉపశమనం కలిగిన మాట వాస్తవమే. అది ధ్వనిని మరింత గాఢం చేసిందే తప్ప సృష్టించలేదు. రెండు స్వరాల స్వల్ప గుచ్ఛాలను బిగ్గరగా, గరుకైన ధ్వనితో వాయించే పద్ధతి కూడా 1964లో కింక్స్ బృందపు పాటలోనే ప్రసిద్ధమైంది, అంటే అయోమీ ప్రమాదానికి ముందే. తన చేతికి అనువైన పద్ధతి అప్పటికే సంగీతంలో సిద్ధంగా ఉండటం అతని అదృష్టం.

వేదిక

ముద్రణశాలలో తప్పిన స్వరాన్ని మళ్లీ వాయించవచ్చు. కచేరీలో ఆ వెసులుబాటు లేదు. గాయపడిన చేతికి అసలు పరీక్ష అందువల్ల వేదికే. లెస్ పాల్ చరిత్ర ఈ కోణంలో ప్రత్యేకమైనది. 1948 జనవరిలో ఓక్లహోమాలో అతని కారు మంచు కారణంగా వంతెన పైనుంచి పడిపోయింది. మీటే చేయి అయిన కుడిచేతి మోచేయి నుజ్జయింది. ఇక మోచేయి వంగే అవకాశం లేదని తెలిశాక, గిటారు పట్టుకోవడానికి వీలైన కోణంలోనే ఎముకను శాశ్వతంగా నిలపమని అతడు శస్త్రవైద్యులను కోరాడు. మిగిలిన ఇద్దరూ వాద్యాన్ని చేతికి తగినట్టు మలచుకోగా, ఇతడు చేతినే వాద్యానికి తగినట్టు అమర్పించుకున్నాడు.

1950ల్లో మేరీ ఫోర్డ్‌తో కలిసి అతడు సాధించిన విజయాలు సుప్రసిద్ధం. వాటికంటే ఈ చర్చకు ఎక్కువగా ఉపకరించేది అతని వార్ధక్యం. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోయాక కూడా అతడు న్యూయార్కులో ప్రతి సోమవారం రాత్రి ఒక చిన్న క్లబ్బులో వాయించేవాడు; 1996 నుంచి ఆ వేదిక 'ఇరిడియం'. వేగవంతమైన స్వరసంచారం తగ్గింది. బదులుగా కొద్ది స్వరాలు, పక్కనున్న యువ గిటారు కళాకారుల సహకారం, శ్రోతలతో హాస్య సంభాషణ ఆ కచేరీని నడిపాయి. అవి అతని చేతిలోని లోటును దాచలేదు, దానికి తగిన కచేరీ రూపాన్ని కల్పించాయి. 2009 ఆగస్టులో, 94 ఏళ్ల వయసులో మరణించేవరకు, ఆ చివరి సంవత్సరంలో కూడా, అతడు ఆ సోమవారపు కచేరీలను విడిచిపెట్టలేదు.