పడుకున్న విల్లు

మన ఇళ్లల్లో ఆవకాయ జాడీకి ఎన్ని ఆంక్షలుంటాయో మీకు చెప్పక్కర్లేదు. తడి చెయ్యి తగలకూడదు. పిల్లలు మూత తియ్యకూడదు. బయట చేరిన ఆడవాళ్లయితే ఆ గది ఛాయలకే రాకూడదు. అచ్చం ఇలాంటి ఆంక్షలే ఒక విల్లుకు కూడా ఉండేవంటే నమ్ముతారా? పనిలేనప్పుడు దాన్ని గోడకు నిలబెట్టకూడదు, పడుకోబెట్టాలి. నిలబెడితే అలిసిపోతుంది, చెమటలు పోస్తుంది. దాన్ని ఎవరూ దాటకూడదు. పిల్లలు పట్టుకోకూడదు. ఆడది ముట్టుకుంటే మరీ ప్రమాదం, బాణం వంకరగా పోతుంది. ఒకవేళ ఆ మైల తగిలితే ఇసకా నీళ్లూ వేసి తోమాలి.

ఆడవాళ్ల చెయ్యి తగిలితే ఊరగాయ దగ్గర్నుంచి ఆయుధాల దాకా చెడిపోతాయని ప్రపంచంలో ఎక్కడెక్కడి మగవాళ్లూ ఒకే మాట మీద ఎలా ఉన్నారో నాకు ఆశ్చర్యం. ఆ సంగతి అలా ఉంచండి. ఈ నియమాలు చెప్పినాయన అమెరికాలోని కాలిఫోర్నియా కొండల్లో పుట్టినవాడు. యాహి అనే చిన్న జాతిలో చిట్టచివరి మనిషి. ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. ఆ జాతిలో తన పేరు తాను చెప్పుకోవడం మర్యాద కాదు. మన అమ్మమ్మలు తాతయ్యగారి పేరు పలికేవారా? అలాగన్నమాట. అందుకని వాళ్ల భాషలో ‘మనిషి’ అనే అర్థం వచ్చే ‘ఇషి’ అన్న మాటనే ఆయనకు పేరుగా పెట్టారు.

1849లో కాలిఫోర్నియాలో బంగారం కోసం జనం ఎగబడ్డారు. ఆ వచ్చినవాళ్ల మందలు కొండల్లోకి ఎక్కాయి. జింకలు తగ్గాయి, గనుల బురదతో ఏళ్లలో చేపలు తగ్గాయి. ఆకలితో యాహీలు ఒక ఆవునో గొర్రెనో పట్టుకుపోతే, దానికి బదులు తుపాకులతో వచ్చి ఊళ్లకు ఊళ్లే కాల్చేవారు. సుమారు 400 మంది ఉండేవారని అంచనా వేసిన ఆ జాతి, 1860ల ఊచకోతల తరువాత వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మిగిలింది. మిగిలినవాళ్లు దాదాపు నలభై ఏళ్లు దాక్కునే బతికారు. కాలిగుర్తు పడకుండా రాయి మీంచి రాయి మీదికి అడుగు వేసేవారు. పొదలు నరికితే చప్పుడవుతుందని వాటి కిందుగా పాక్కుంటూ వెళ్లేవారు. తుపాకీ ఒకసారి పేలితే కొండంతా మోగుతుంది. కాబట్టి తిండికి చప్పుడు చెయ్యని విల్లే దిక్కు.

1908లో విద్యుత్తు కంపెనీకి సర్వే చేసేవాళ్లు డీర్ క్రీక్ లోయలో వాళ్ల గుడిసెల మీదికి అనుకోకుండా వచ్చిపడ్డారు. అప్పటికి నలుగురే మిగిలారు. ముగ్గురు పారిపోయారు. కదలలేని ముసలమ్మ, ఇషి తల్లి, దుప్పట్ల కింద ఉండిపోయింది. ఆమెను ఏమీ చెయ్యలేదు గానీ, ఇంట్లో ఉన్న విల్లూ బాణాలూ బుట్టలూ కప్పుకునే తోళ్లూ ‘గుర్తుగా’ పట్టుకుపోయారు. చలికాలం ముందు ఒక ఇంట్లో వంటసామానూ పక్కబట్టలూ ఎత్తుకుపోతే దాన్ని ఏమంటారో మీరే చెప్పండి. ఆ పారిపోవడంలో తప్పిపోయిన చెల్లెలూ, ముసలాయనా మళ్లీ కనిపించలేదు. తల్లి కొద్దిరోజులకే పోయింది. తరువాత దాదాపు మూడేళ్లు ఇషి ఆ కొండల్లో ఒక్కడే ఉన్నాడు.

1911 ఆగస్టు చివర్లో ఓరోవిల్ అనే ఊళ్లో ఒక కబేళా దగ్గర, చిక్కి శల్యమైన మనిషి కనిపించాడు. వయసు యాభై ఉండొచ్చు. అయినవాళ్లు పోయిన దుఃఖానికి గుర్తుగా తలవెంట్రుకలు పొట్టిగా కాల్చుకుని ఉన్నాడు. షెరీఫుకి ఏం చెయ్యాలో తోచక జైలు గదిలో ఉంచాడు. వాటర్‌మన్ అనే పండితుడు ఆ ప్రాంతపు మాటల పట్టిక పట్టుకుని వచ్చి ఒక్కొక్కటే చదవడం మొదలెట్టాడు. ఏ మాటకూ ఉలుకూ పలుకూ లేదు. చివరికి మంచం చెక్కను తట్టి ‘సివిని’ అన్నాడు. పసుపు పైన్ చెట్టుకు వాళ్ల మాట అది. ఆ మొహం ఒక్కసారిగా విప్పారింది. ఇద్దరూ కలిసి ఆ చెక్కను తట్టుకుంటూ అదే మాట అంటూ కూర్చున్నారట.

అక్కణ్ణుంచి ఆయన్ను శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయపు మ్యూజియానికి తీసుకువెళ్లారు. అక్కడే గది ఇచ్చారు. ఊడ్చి తుడిచే పనికి నెలకు 25 డాలర్ల జీతం. పక్కనే వైద్య కళాశాల. అందులో సర్జను సాక్స్‌టన్ పోప్. ఈయన చేసే ఆపరేషన్ల కంటే ఈయన చూపించే గారడీ చేతివాటానికే ఇషి ఎక్కువ విలువ ఇచ్చేవాడని పోపే రాసుకున్నాడు. పోప్ ఆయన దగ్గర శిష్యరికం చేసి విల్లు విద్య నేర్చుకున్నాడు. 1918లో దాన్నంతా అచ్చు వేశాడు. ఆడది ముట్టకూడదన్న మాట మనదాకా వచ్చింది అలాగే.

ఇషి విల్లు జూనిపర్ కర్రతో చేసింది. కొలతకు టేపు లేదు. చాచిన చేతి నుంచి ఎదుటివైపు తుంటిదాకా ఎంత ఉంటే అంత. మన మూర, జాన, బెత్తె లాగే ఒంటి కొలత. కర్ర వీపుకు జింక కాలి నరాలు అంటించాలి. వాటిని నమిలి మెత్తగా చేసి, పేలికలుగా విడదీసి, సాల్మన్ చేప తోలు ఉడకబెట్టి తీసిన బంకతో వరసలుగా అతికేవాడు. వంగినప్పుడు కర్ర చిట్లకుండా పట్టి ఉంచేది ఆ నరమే. బాణం మొనకు అబ్సిడియన్ అనే నల్లని గాజురాయి. పట్నంలో సీసా పెంకులు దొరికాక వాటితోనూ చెక్కాడు, బ్రహ్మాండంగా కుదిరాయి. అల్లెతాడును లాగేది బొటనవేలితో. చూపుడువేలూ మధ్యవేలూ వాడే ఇంగ్లీషు పద్ధతి కాదు. ద్రోణుడు ఏకలవ్యుణ్ణి అడిగినది బొటనవేలే ఎందుకో ఈ పద్ధతి చదివినప్పుడు నాకు ఒంటికి తగిలినట్టు తెలిసింది.

ఇక వేట సంగతి. జింక వేటకు ముందురోజు ఇషి చేప తినడు. వాసన జింక పట్టేస్తుంది. పొగాకు దగ్గరికి రానివ్వడు. తెల్లవారగానే తలమునకలా స్నానం, నోరు పుక్కిలించడం, ఏమీ తినకుండా బయలుదేరడం. వేటకు వెళ్తున్నాడా, వ్రతానికి కూర్చుంటున్నాడా అనిపిస్తుంది. కాళ్లకు బట్ట చుట్టడు. బట్ట పొదకు రాసుకుంటే చప్పుడు. పైగా ఒట్టి కాలికి ముల్లు తగిలితే మనిషి తనంతట తనే నెమ్మదిస్తాడు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని దానికి ఎదురుగా పొద వెనక కూర్చుంటాడు. దిష్టిబొమ్మలా లోపల కూరిన జింక తలను తన తలకు తగిలించుకుని పొద మీంచి పైకీ కిందికీ ఆడిస్తాడు. జింకకు కుతూహలం ఎక్కువ, ఏమిటా అని దగ్గరికి వస్తుంది. లేదా ఒక ఆకును మడిచి పెదాల మధ్య పెట్టి పీలుస్తాడు. పిల్ల అరిచినట్టు ఉంటుంది, తల్లి వస్తుంది. ఈ ఉపాయం చదివినప్పుడు మనసు చివుక్కుమంటుంది, దాచుకోను. కానీ అది ఆయనకు సరదా కాదు. ఇంట్లో కదలలేని తల్లికి ఆ పూట కూడు.

ఇంత తపస్సు చేసి బాణం వేసేది పది ఇరవై గజాల నుంచి. దూరం పెట్టిన రంగుల గురి మీద ఇషి చెయ్యి అంత బాగుండేది కాదు. కొద్దిరోజులకే పోప్ ఆయన్ను దాటిపోయాడు. దగ్గరికి చేరడంలో మాత్రం శిష్యుడు గురువు కాలిగోటికి సరిపోలేదు.

పోప్ తరువాత ఆర్థర్ యంగ్ అనే స్నేహితుడితో కలిసి అడవులు తిరిగాడు. 1923లో విల్లు వేట మీద పుస్తకం రాశాడు. అది చదివి అమెరికాలో వేలమంది తుపాకులు పక్కనపెట్టి విల్లు పట్టారు. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రం విల్లు వేటగాళ్లకని జింకల సీజను ప్రత్యేకంగా ఇచ్చింది. 1969లో హోలిస్ విల్బర్ అలెన్ అనే మిస్సోరీ ఆయనకు కప్పీల విల్లు మీద పేటెంటు వచ్చింది. నూతి గిలక చేసే పనే కొంత అక్కడా జరుగుతుంది. నిండా లాగి పట్టుకున్నాక చేతిమీద అసలు బరువులో నాలుగో వంతో ఐదో వంతో మిగులుతుంది. మరి దానికి గురిచూసే పిన్నులు, దూరం కొలిచే లేజరు యంత్రం, బైనాక్యులర్సు.

లేజరు ఎందుకంటారా? బాణం తూటా కాదు, దారిలో కిందికి జారుతుంది. సెకనుకు 300 అడుగులు పోయే బాణం 20 గజాల్లో జానెడు జారితే, 40 గజాల్లో రెండున్నర అడుగులు జారుతుంది. దూరం రెట్టింపయితే జారుడు నాలుగింతలు. దూరం అంచనా కొంచెం తప్పితే జింక చావదు, గాయంతో వెళ్లి ఎక్కడో నరకయాతన పడుతుంది. బైనాక్యులర్సు మీద 8×42 అని రాసి ఉంటే, ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందనీ, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లనీ అర్థం. 42ను 8తో భాగిస్తే ఐదు చిల్లర వస్తుంది. అంత లావు వెలుగు కంటిలోకి చేరుతుంది. సందెవేళ చూపుకు ఆ లెక్కే ముఖ్యం. మన దేశంలో జింకను వేటాడటం 1972 నాటి చట్టం ప్రకారం నేరం కాబట్టి ఈ లెక్క పిట్టల్ని చూడటానికి వాడుకోండి. ఇక వాసన లేని సబ్బులు, చప్పుడు కాని బట్టలు కూడా అక్కడ అమ్ముతారు. ఇషి ఏటినీళ్లతో, ఒట్టి కాళ్లతో చేసినవే.

పట్నం గాలిలోని క్షయ ఇషికి పట్టింది. కొండల్లో ఆయనకు తెలియని జబ్బు అది. పోపే వైద్యం చేశాడు. 1916 మార్చి 25న పోయాడు. శవాన్ని కొయ్యకూడదనీ, సైన్సు కోసమంటే ఆ సైన్సు తగలబడిపోనీ అనీ, మ్యూజియం పెద్ద ఆల్ఫ్రెడ్ క్రోబర్ న్యూయార్క్ నుంచి కోపంగా ఉత్తరం రాశాడు. ఉత్తరం అందేలోపే కోత జరిగిపోయింది. దహనం చేసి బూడిదను ఒక మట్టి కుండలో పెట్టారు. చితి మీద ఒక విల్లు, ఐదు బాణాలు, ఒక బుట్టెడు ఓక్ కాయల పిండి ఉంచారు. దారిబత్తెం.

మెదడు మాత్రం తీసి దాచారు. మరుసటి ఏడు దాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు పంపింది, ఆ ఉత్తరం రాసిన క్రోబరే. ఆయన భార్య థియొడోరా 1961లో ఇషి కథను పుస్తకంగా రాసింది. లక్షలమంది చదివారు. మెదడు ఎక్కడుందో ఎవరూ పట్టించుకోలేదు. కాలిఫోర్నియా ఆదివాసులు పట్టుబట్టి వెతికించారు. 1999లో స్మిత్సోనియన్ నిల్వల్లో దొరికింది. 2000 ఆగస్టులో, ఇషి భాషకు దగ్గర చుట్టాలైన జాతుల వారికి దాన్ని అప్పగించారు. వాళ్లు బూడిదనూ దాన్నీ కలిపి ఆ కొండల్లోకే తీసుకువెళ్లి పాతిపెట్టారు. ఎక్కడన్నది బయటికి చెప్పలేదు.