పిల్లికి షుగర్ వస్తే: ముందు తెలుసుకోవాల్సినవి

నీళ్ల గిన్నె ఇదివరకటి కన్నా త్వరగా ఖాళీ అవుతోంది. లిటర్ ట్రేలో తడి ముద్దలు పెద్దవవుతున్నాయి. పిల్లి తిండి బాగానే తింటోంది, అయినా నిమిరితే వెన్నెముక చేతికి తగులుతోంది. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లిలో ఇవన్నీ కలిసి కనిపిస్తే మధుమేహాన్ని అనుమానించాలి. కిడ్నీ జబ్బు, థైరాయిడ్ ఎక్కువవడం కూడా దాదాపు ఇలాగే బయటపడతాయి కాబట్టి రక్త, మూత్ర పరీక్షలు తప్పవు. కొన్ని పిల్లులు వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడవడం మొదలుపెడతాయి. నరాలు దెబ్బతినడం వల్ల వచ్చే ఈ నడకను చాలామంది ముసలితనం అనుకుని వదిలేస్తారు.

కుక్కల షుగర్, పిల్లుల షుగర్ ఒకటి కాదు. కుక్కల్లో ఎక్కువగా ఇన్సులిన్ తయారీయే ఆగిపోతుంది, జీవితాంతం ఇంజెక్షన్లు కావాలి. పిల్లులకు వచ్చేది మనుషుల టైప్-2కు దగ్గరగా ఉంటుంది. ఊబకాయం, ఇల్లు కదలని జీవితం, దురదకో ఉబ్బసానికో వాడిన స్టెరాయిడ్లు దీనికి దారితీస్తాయి. ఆపరేషన్ చేసిన మగ పిల్లుల్లో ఎక్కువ. ఈ తేడాలో ఒక మేలు కూడా ఉంది. తొందరగా గుర్తించి చక్కెరను అదుపులో పెడితే కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. రూంప్, రాండ్ అనే పరిశోధకులు 55 పిల్లులపై 2009లో ప్రచురించిన అధ్యయనంలో, గ్లార్జిన్ ఇన్సులిన్ వాడుతూ ఇంట్లోనే తరచూ రక్తపరీక్ష చేసినప్పుడు 64 శాతం పిల్లులు ఆ స్థితికి చేరాయి. జబ్బు బయటపడిన ఆరు నెలల్లోపు ఈ పద్ధతి మొదలుపెట్టినవాటిలో అది 84 శాతం. అంత శ్రద్ధ అందరికీ సాధ్యం కాదు, అన్ని పిల్లులూ అలా కోలుకోవు. కానీ ఆలస్యం చేస్తే ఏం పోతుందో ఈ అంకెలు చెబుతాయి.

ఆసుపత్రిలో ఒక్కసారి చూసిన అంకెను నమ్మి నిర్ధారణకు రాకూడదు. బుట్టలో పెట్టి, ఆటోలో తెచ్చి, కుక్కల మధ్య కూర్చోబెట్టిన పిల్లికి భయంతోనే చక్కెర 300 దాటవచ్చు. అందుకే గడిచిన ఒకటి రెండు వారాల సగటును చూపే ఫ్రక్టోజమిన్ పరీక్ష అడుగుతారు.

సిరంజి దగ్గర జరిగే పొరపాటు

వైద్యం సాధారణంగా 12 గంటలకొకసారి, ఒక యూనిట్ చుట్టుపక్కల ఇన్సులిన్‌తో మొదలవుతుంది. ఇంత చిన్న డోసులో చిన్న తప్పు కూడా పెద్దదే. మన దేశంలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఇక్కడ మనుషులకు అమ్మే పాత రకం ఇన్సులిన్ వయల్స్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. గ్లార్జిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లది. మందుల షాపులో ‘ఇన్సులిన్ సిరంజి’ అని అడిగితే ఎర్ర మూత ఉన్న 40 యూనిట్లది చేతికి రావచ్చు. దానితో గ్లార్జిన్ ఒక గీత తీస్తే పిల్లి ఒంట్లోకి వెళ్లేది రెండున్నర యూనిట్లు. నాలుగు కిలోల జీవికి అది ప్రాణాంతకం కావచ్చు. వయల్ మీద 100 అని ఉంటే నారింజ మూత సిరంజే తేవాలి, అందులోనూ అర యూనిట్ గీతలు ఉన్నది మేలు. ఏ షాపు మనిషి చెప్పినా మూత రంగుతో పాటు సిరంజి మీది అంకెనూ మీ కళ్లతో చదవండి.

పిల్లి వణుకుతున్నా, తూలుతున్నా, ఫిట్స్ వచ్చినా చక్కెర పడిపోయిందనుకుని వెంటనే తేనె గానీ గ్లూకోజ్ నీళ్లు గానీ చిగుళ్లకు రుద్ది ఆసుపత్రికి పరుగెత్తాలి. స్పృహ లేని పిల్లి నోట్లో ఏదీ పోయకూడదు. తిండి ముట్టని పూట అలవాటుగా పూర్తి డోసు పొడవకుండా డాక్టర్‌ను అడగాలి. అలాగని తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, ముడుచుకుని పడుకున్న పిల్లిని రేపు చూద్దామని ఆపకూడదు. అది కీటోన్లు పేరుకున్న అత్యవసర స్థితి కావచ్చు.

ఇంట్లో చెవి అంచు నుంచి చుక్క రక్తం తీసి చూడటం వినడానికి కష్టంగా ఉంటుంది గానీ, చాలా పిల్లులు వారం పది రోజుల్లో అలవాటుపడతాయి. మనుషుల గ్లూకోమీటర్లు పిల్లి రక్తంలో చక్కెరను అసలు కన్నా తక్కువగా చూపుతుంటాయి. కాబట్టి ఏ మీటరు వాడుతున్నారో డాక్టర్‌కు చెప్పాలి.

తిండి సంగతి

మన ఇళ్లలో పిల్లికి పెట్టేది పాలన్నమో పెరుగన్నమో. పిల్లి పూర్తిగా మాంసాహారి, పిండిపదార్థాలను అరాయించుకునే శక్తి దాని కాలేయానికి తక్కువ. గట్టి గింజల్లాంటి ప్యాకెట్ తిండిలోనూ పిండి శాతం ఎక్కువే. మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న తడి ఆహారం మంచిది. అయితే ఇన్సులిన్ వాడుతున్న పిల్లికి తిండి హఠాత్తుగా మార్చేస్తే డోసు ఎక్కువైపోతుంది. బరువు తగ్గించాలని పస్తు పెడితే కాలేయానికి కొవ్వు పట్టి అసలుకే మోసం వస్తుంది.

నోటి మందులూ వచ్చాయి. అమెరికాలో 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్‌కు, 2023లో వెలాగ్లిఫ్లోజిన్‌కు అనుమతి లభించింది. ఇవి అంతకుముందు ఇన్సులిన్ తీసుకోని, మిగతా ఆరోగ్యం బాగున్న పిల్లులకే. వీటితో చక్కెర మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు పెరిగే ముప్పు ఉంది. ఇంట్లో వాళ్ల షుగర్ మాత్రలు మాత్రం పిల్లికి వేయవద్దు.

డోసు పెంచుతున్నా చక్కెర దిగకపోతే పిట్యూటరీ గ్రంథిని అనుమానించాలి. బ్రిటన్‌లో 1,200కు పైగా మధుమేహ పిల్లులను పరీక్షించి 2015లో ప్రచురించిన అధ్యయనం, ప్రతి నాలుగింటిలో ఒకదానికి గ్రోత్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు ఉండవచ్చని అంచనా వేసింది. ఇన్సులిన్ ఆగిపోయేంత కోలుకున్న పిల్లికి కూడా నెలకోసారైనా చక్కెర చూస్తుండాలి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఒక్కటి పడినా జబ్బు తిరగబెట్టవచ్చు.