బడితోట: దాని ఫలసాయము

మహాభారతము ఆదిపర్వమున అయోదధౌమ్యుడను గురువు, పాంచాలదేశీయుడగు ఆరుణి యను శిష్యుని పొలమున కంపిన కథ కలదు. మడిగట్టునకు గండిపడి నీరు పోవుచుండెను. ఎంత యత్నించినను గండి పూడకుండుటచే ఆరుణి తానే అడ్డముగా పరుండెను. గురువు వెదకుకొనుచు వచ్చి పిలిచిన పిదపగాని లేవలేదు. గట్టు చీల్చుకొని లేచినందున అతనికి ఉద్దాలకుడను పేరు కలిగెను. వేదములన్నియు నీకు భాసించునని గురువు దీవించెను.

ఈ కథ చెప్పువారు గురుభక్తిని పొగడి యూరకుందురు. ఆ మడిలో పండిన ధాన్యమున ఆరుణి కెంత దక్కెనో అడుగరు. శిష్యుడు గురువింట భుజించువాడే కదా యని సమాధానము చెప్పవచ్చును. కాని అదే గురువు శిష్యుడగు ఉపమన్యువు ఆకలికి తాళలేక జిల్లేడాకులు తిని కన్నులు పోగొట్టుకొనెనని ఆ వెంటనే వచ్చు కథ చెప్పుచున్నది. బాలురచే సేద్యము చేయించుట ఎంత పాతదో, ఆ పంట ఎవరిదను ప్రశ్నయు నంత పాతది. తరువాతి కాలమున బడితోటలు పెట్టినవారందరును దీనికి ఏదో యొక జవాబు చెప్పుకొనవలసి వచ్చెను.

జర్మనీదేశమున ఫ్రోబెల్ పండితుడు 1837లో బ్లాంకెన్‌బుర్గ్ పట్టణమున శిశువుల కొక విద్యాలయము నెలకొల్పి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా బాలలతోట, అని పేరిడెను. నేడు ఆ పేరుగల బడులు వీధికొకటి వెలసినవి గాని, వానిలో పెక్కింట తులసిమొక్కయైన కానరాదు. ఫ్రోబెల్ తోటలో నడుమ ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క చిన్నమడి. చుట్టును అందరి ఉమ్మడి మడులు. ఉమ్మడి భూమి సొంతభూమిని కాపాడుచు చుట్టుకొని యుండవలెనని ఆయన భావము. సొంతమడి ఎండినచో ఎవరి అశ్రద్ధయో తెలియును. ఉమ్మడి మడి ఎండినచో అందరును తలవంచుకొనవలెను. భూమి తగవులెరిగిన పల్లెవారికి ఈ ఏర్పాటులోని తెలివి వేరుగ చెప్పనక్కరలేదు. ప్రష్యా ప్రభుత్వము 1851లో ఈ బడులను నిషేధించెను. మరుసటి యేట ఫ్రోబెల్ కన్నుమూసెను. 1860లో నిషేధము తొలగెను.

అమెరికాలో 1902లో ఫానీ పార్సన్స్ అను నామె న్యూయార్కు నగరమున చెత్తయు రాళ్లును నిండిన బంజరును బాగుచేయించి, పేదపిల్లలకు చిన్నమడులు పంచిపెట్టినది. ఎవరి మడిలో పండినది వారే యింటికి గొనిపోవుచుండిరి. ఇది సొంతహక్కు జవాబు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆ దేశప్రభుత్వమే బడితోటల సైన్యమొకటి ఏర్పరచి, పిల్లలలో దళపతులను నియమించి, కూరగాయలు పండింపజేసెను. 1918లో సుమారు 15 లక్షలమంది బాలబాలికలు అందు చేరిరి. అప్పటి జవాబు దేశము కొరకనుట. యుద్ధము ముగిసిన పిదప ఆ సైన్యమును నిలువలేదు.

మన దేశమున రవీంద్రనాథ టాగూరు 1924లో పల్లెపిల్లలకై శిక్షాసత్రమును నెలకొల్పి తోటపనిని చదువులో చేర్చెను. అయితే ఫలసాయమును గూర్చిన వాదము గట్టిగ జరిగినది 1937 అక్టోబరులో వార్ధా విద్యాసభలోనే. పిల్లల చేతిపని వలన వచ్చు రాబడి ఉపాధ్యాయుని జీతమునకు సరిపోవలెనని గాంధీజీ కోరెను. బీదదేశమున ప్రతి గ్రామమునకు బడి రావలెనన్న వేరు దారి ఆయనకు కానరాలేదు. ఆచార్య కె.టి. షా అందుకు ఒప్పుకొనలేదు. బడిలో చేసిన సరకు బజారుకు వచ్చిన వృత్తిపనివారి నోటికూడు పోవునని ఆయన వాదించెను. తరువాత జాకీర్ హుస్సేన్ సంఘము దినమునకు 5 గంటల 30 నిమిషముల చదువులో 3 గంటల 20 నిమిషములు వృత్తికి కేటాయించెను. వ్యవసాయము, పండ్ల కూరగాయల తోటపని కూడ ఆ వృత్తులలో చేరినవి. రాబడిపై దృష్టి హెచ్చి విద్య మరుగున పడు ప్రమాదము కలదని ఆ సంఘమే తన నివేదికలో హెచ్చరించినది. ఈ హెచ్చరిక తోటపనికి మరింతగా వర్తించును. రాట్నము ప్రతిదినము నూలిచ్చును. తోట అట్లు కాదు. ఒక్క వాన తప్పినను, ఒక్క పురుగు పట్టినను ఆయవ్యయములు తారుమారగును. జీతమునకు ఆధారముగ నమ్మదగని దదియే. బిడ్డకు ఓర్పు నేర్పుటలో దాని కీడైనదియు లేదు.

తెలుగునాట ఋతువు బడికి కొంత అనుకూలించును. మృగశిరకార్తె ప్రవేశించు జూను రెండవ వారముననే బడులును తెరువబడును. అప్పుడు చల్లిన తోటకూర నెలదినములలోపల కోతకు వచ్చును. బెండ రెండు నెలలు తిరుగకముందే కాయును. నాటు చిక్కుడు మాత్రము తొలకరిలో నాటినను పగటిపొద్దు తగ్గి చలి మొదలైనగాని పూయదు. తొందరపడు పిల్లలకు దానిని మించిన గురువు లేడు. కష్టమంతయు వేసవిది. రోహిణికార్తెలో బడికి తాళము పడును, పాదులకు నీరు పోయువారుండరు.

2019లో కేంద్రప్రభుత్వము పాఠశాల పోషకాహార తోటలకు మార్గదర్శకములు వెలువరించి, అందు పండినది మధ్యాహ్నభోజనమున వాడవలెనని నిర్దేశించెను. నేల లేనిచోట కుండీలలోను మిద్దెలపైనను పెంచవచ్చునని కూడ చెప్పెను. పంట ఇటు ఇంటికిని పోక, అటు బజారునకును పోక, పెంచిన చేతుల ముందరి పళ్లెములోనికే వచ్చుట ఈ జవాబులోని విశేషము. వేసవికి తట్టుకొనునట్టివి మునగయు కరివేపయు. ఒంటిపూట బడులు నడచు దినములలో మునగకాయ చేతి కందును.