తెరపై రెండవవాడు: ఎరిక్ క్యాంబెల్ చరిత్రము

మహాసభ జరిగినప్పుడు ముందు వరుస కుర్చీలలో ఎవరెవరు కూర్చుండిరో అందరికిని జ్ఞాపకముండును. రాత్రి జాగరము చేసి పందిరి వేసినవారెవరో, గాడిపొయ్యి పొగలో నిలిచి అంతమందికి వండి వడ్డించినవారెవరో మరునాటికే మరచిపోవుదుము. ఈ మరపునకు దురుద్దేశము కారణము కాదు, అది లోకస్వభావము. నాటకరంగమునను, వెండితెరమీదను ఇట్లే జరుగును. నాయకుని పేరు నిలుచును. ఆ నాయకుని నాయకునిగా నిలువబెట్టిన రెండవవాని పేరు మాసిపోవును. అట్టి రెండవవాడొకని చరిత్రమును ఈ సంచిక చదువరులకు విన్నవింపదలచితిమి. ఆతడు మన కులమువాడు కాడు. మన దేశమువాడును కాడు. ఐనను ఆతని కథ కడపట మన సంఘమునకు సంబంధించిన ప్రశ్న నొకదానిని మన యెదుట నుంచును. కావుననే ఈ స్థలమున వ్రాయుచున్నాము.

మన పల్లెలలో తోలుబొమ్మలాట చూచినవారికి ఈ విషయము క్రొత్త కాదు. రామరావణుల కథ ఎంత గంభీరముగా నడచుచున్నను, కునికిపాట్లు పడుచున్న పిల్లలు జుట్టుపోలిగాడును బంగారక్కయు తెరమీదికి రాగానే లేచి కూర్చుందురు. ఆ బొమ్మల పేర్లు తరతరములుగా నిలిచినవి. తెరవెనుక కూర్చుండి ఆ బొమ్మలకు గొంతు నిచ్చినవాడెవడని అడుగువారు మాత్రము అరుదు.

చార్లీ చాప్లిను నెరుగనివారు లేరు. చిన్న టోపి, వదులు లాగు, చేతికర్ర, చిట్టి మీసము గల ఆ రూపము ప్రపంచమంతటను ప్రసిద్ధము. ఆ చిన్నవాని యెదుట కొండవలె నిలిచి, దట్టమైన కనుబొమలు ముడివైచి, గడ్డము నిక్కించి, వాని మెడ పట్టుకొను మహాకాయుడొకడు ఆ తొలి చిత్రములలో కనబడును. వానిని చూచినవారు మరువలేరు; పేరడిగినచో చెప్పగలవారు తక్కువ. ఆతడే ఎరిక్ క్యాంబెల్.

క్యాంబెల్ 1880వ సంవత్సరమున బ్రిటనులో జన్మించెను. ఆరడుగులమీద మరి నాలుగైదంగుళముల పొడవును, అందుకు తగిన స్థూలకాయమును కలవాడు. యౌవనమునుండియు నాటకములే ఆతని జీవనాధారము. ఫ్రెడ్ కార్నో అను ప్రసిద్ధ హాస్యనాటక నిర్వాహకుని సమాజమున పనిచేసెను. చాప్లిను తన విద్య నేర్చినదియు ఆ కార్నోకడనే. 1914లో క్యాంబెల్ అమెరికాకు పోయి న్యూయార్కు నాటకశాలలలో వేషములు వేయుచుండెను.

1916 ఫిబ్రవరిలో చాప్లిను మ్యూచువల్ కంపెనీతో ఒడంబడిక చేసికొనెను. సంవత్సరమునకు 6,70,000 డాలర్లు! ఇరువదియారేండ్ల నటునకు ఇంత సొమ్మా యని లోకము ముక్కున వ్రేలు వేసికొనెను. రెండేసి రీళ్ళ హాస్యచిత్రములు పండ్రెండు తీయవలసియుండెను. అందులకు తగినవారిని వెదకుచు చాప్లిను క్యాంబెల్‌ను చేర్చుకొనెను. 1916 మేలో వెలువడిన ‘ది ఫ్లోర్‌వాకర్’ మొదలు 1917 అక్టోబరులో వెలువడిన ‘ది అడ్వెంచరర్’ వరకు పండ్రెండింటిలో పదునొకండు చిత్రములందు క్యాంబెల్ నటించెను. మిగిలిన ‘వన్ ఏ.ఎమ్.’ దాదాపుగా చాప్లిను ఒక్కడే నటించిన చిత్రము. అనగా తెరమీద చాప్లినునకు తోడు కావలసినప్పుడెల్ల ఎదుట నిలిచినవాడు క్యాంబెలే.

హాస్యమునకు ఇట్టి భయంకరాకారునితో పనియేమి యని కొందరడుగవచ్చును. భాగవతమున కంసుని మల్లరంగమును స్మరింతము. బాలకృష్ణుడు చాణూరుని పడగొట్టెనని విని మనము సంతసింతుము. ఆ చాణూరుడు బక్కవాడైనచో ఆ సంతోషమెక్కడిది? మూకచిత్రమున మాట లేదు. రెండు రీళ్ళ చిత్రము అరగంటకు లోపుగనే ముగియును. బలవంతుడెవడో, బలహీనుడెవడో, ఎవనికెవనివలన ఆపదయో చూచిన క్షణముననే ప్రేక్షకునకు బోధపడవలెను. క్యాంబెల్ వాకిట నిలిచినంతనే ఆ పని నెరవేరెడిది. చిన్నవాడు తప్పించుకొనునా యను దిగులు ముందు పుట్టించినగాని, తప్పించుకొనినప్పుడు నవ్వు పుట్టదు. ఆ దిగులు క్యాంబెలుది, నవ్వు చాప్లినుది.

1917 జనవరిలో వెలువడిన ‘ఈజీ స్ట్రీట్’ ఇందులకు నిదర్శనము. ఒక వీధినంతటిని ఏలు రౌడీ వేషము క్యాంబెలుది. పోలీసులు వాని చేతి దెబ్బలు తిని ఠాణాకు మోయబడి వచ్చుచుందురు. క్రొత్తగా చేరిన చిన్న జవాను చాప్లిను. లాఠీతో నెత్తిమీద ఎన్ని మారులు మోదినను ఆ రౌడీకి చీమ కుట్టినట్లైనను ఉండదు. తన బలము చూపదలచి వీధిదీపపు స్తంభమును చేతులతో వంచును. అంతట ఆ చిన్నవాడు వాని వీపుమీదికెక్కి, దీపమును వాని తలకు తొడిగి, గ్యాసు వదలును; రౌడీ మూర్ఛిల్లును. బలవంతుని బలమే వానిని పట్టియిచ్చు పన్నాగమిది. ఈ దృశ్యము తీయునప్పుడు ఆ దీపము తగిలి చాప్లిను ముక్కునకు గాయమై కొన్నిదినములు పని నిలిచిపోయెను.

అదే సంవత్సరము జూనులో వెలువడిన ‘ది ఇమ్మిగ్రంట్’ కథ మరింత విచిత్రమైనది. అందు భోజనశాలలో పెద్ద వడ్డనకానిగా చాప్లిను మొదట హెన్రీ బెర్గ్‌మన్ అను నటుని పెట్టి కొంత చిత్రము తీసెను. బెర్గ్‌మన్ మంచి నటుడే. కాని ఆతనిని చూచి ప్రేక్షకునకు భయము కలుగలేదు. చాప్లిను ఆ భాగమును విడిచి, క్యాంబెల్‌ను పెట్టి మరల తీసెను. పది సెంట్లు తక్కువైనందుకు ఒకనిని చావమోదిన ఆ వడ్డనకాడు తనవద్దకు వచ్చినప్పుడు, తన జేబులో చిల్లు తప్ప నాణెము లేదని తెలిసికొన్న పేదవాని అవస్థ అప్పుడుగాని రక్తి కట్టలేదు. వాడని ఆ తొలి భాగములు దశాబ్దముల తరువాత లభింపగా, 1983లో ‘అన్‌నోన్ చాప్లిన్’ అను చిత్రమున లోకమునకు చూపిరి. రెండవవాడు మారినచో మొదటివాని నటనకే విలువ మారునని చెప్పుటకు ఇంతకు మించిన సాక్ష్యమక్కరలేదు.

ఇట్లు రెండేండ్లైనను నిండకమునుపే ప్రపంచమెల్ల నవ్వించిన ఈ మనుజునకు 1917 ద్వితీయార్ధము కాలరాత్రి యయ్యెను. జూలైలో భార్య హఠాత్తుగా గుండెజబ్బుతో మరణించెను. ఆ తల్లికై సంతాపవస్త్రములు కొనబోవుచున్న కుమార్తెను దారిలో కారు కొట్టి తీవ్రముగా గాయపరచెను. సెప్టెంబరులో, పరిచయమైన కొలదిదినములకే, మరియొక స్త్రీని వివాహమాడెను. రెండు నెలలు తిరుగకముందే ఆమె విడాకులకు న్యాయస్థానమెక్కెను. డిసెంబరు 20వ తేదీన క్యాంబెల్ త్రాగిన మైకమున అతివేగముగా కారు నడపి, లాస్ ఏంజెలీసు నగరమున మరియొక కారును ఢీకొని మరణించెను. అప్పటికాతని వయస్సు ముప్పదియేడు. ఆ రాత్రి తప్పు ఆతనిదే. దానిని మేము కప్పిపుచ్చము. కాని ఆరు మాసములలో అన్ని దెబ్బలు తిన్నవాని ప్రక్కన కూర్చుండి మందలింపగల పెద్దలు, ఓదార్పగల బంధువులు ఆ పరదేశమున ఎందరుండిరో ఆలోచింపవలసియున్నది.

తరువాతి సంగతి వ్రాయుటకు చేయి రాకున్నది. శవమును దహనము చేసిరి. అస్థికలకై ఎవరును రాలేదు. 1938 వరకు అవి అంత్యక్రియలు జరిపిన సంస్థలోనే పడియుండెను. అటుపిమ్మట రోజ్‌డేల్ శ్మశానవాటిక కార్యాలయమునకు చేరెను. 1952లోగాని భూస్థాపితము కాలేదు. ముప్పదియైదేండ్లు! ఈలోపల 1932 మొదలు ఆ పండ్రెండు చిత్రములకు సంగీతమును ధ్వనులను జతచేసి క్రొత్తగా ప్రదర్శించిరి. ఒక ప్రక్క ప్రదర్శనశాలలలో క్యాంబెల్‌ను చూచి జనులు పగులబడి నవ్వుచుండిరి. మరియొక ప్రక్క ఆతని చితాభస్మము దిక్కులేక ఒక అలమారలో ఉండెను.

చాప్లిను ముందుకు సాగెను. మహాకాయుని వేషములకు మాక్ స్వెయిన్ వంటివారు దొరకిరి; 1925లో ‘ది గోల్డ్ రష్’ వెలువడెను. ఇందులకు మేమెవ్వరిని నిందింపము. పనిచోట స్నేహమెంతటిదైనను అది చుట్టరికము కాజాలదు.

ఇక మన ప్రశ్న. మనలో సామెతగా ‘నలుగురు’ అందుము. కట్టె మోయుటకు నలుగురు, అస్థికలను గోదావరిలోనో కృష్ణలోనో కలుపుటకు ఒకడు, పదునొకండవనాడు కూడి కూర్చుండుటకు కొందరు ఉండుటయే మనిషి బ్రతుకునకు గౌరవమని మన పెద్దల తలంపు. కులసంఘమను దానికి తీర్మానములకంటె, ఊరేగింపులకంటె ముందుగా ఉండవలసిన ధర్మమిదియే. మన బిడ్డలును దూరనగరములకు, పరదేశములకు పోయి, ఎవరి పేరో వెలుగుటకు రెండవవారుగా పాటుపడుచున్నారు. వారిలో ఒంటరివారెందరో, రోగులెందరో, వారి క్షేమమరయువారున్నారో లేరో మన శాఖాసంఘముల దస్తరములలో కలదా?

ఈ సంవత్సరము ప్రతి శాఖయు అట్టివారి పట్టిక నొకటి సిద్ధపరచవలెననియు, ఆపదలో అక్కరకు వచ్చుటకు మహాపోషకులు కొంత నిధిని ప్రత్యేకించవలెననియు సవినయముగా మనవి చేయుచున్నాము. మొదటివరుసవారికి మాలలు వేయుట మనకెట్లును తెలిసినదే. రెండవవరుసవాని పేరు వ్రాసికొనుట ఈ మహాసభతో ప్రారంభమగు గాక యని కోరుచు విరమించుచున్నాము.