స్క్రీన్‌షాట్: ఏ కంప్యూటర్‌లో ఏ కీలు నొక్కాలి? సైబర్ ఫిర్యాదుకు పనికొచ్చేలా ఎలా దాచాలి?

నోయిడా ఉత్తరప్రదేశ్ పోలీసుల పరిధి, గురుగ్రామ్ హరియాణాది, మధ్యలో దిల్లీ. సైబర్ మోసానికి గురైతే మాత్రం ముగ్గురికీ నంబర్ ఒకటే, 1930. ఫిర్యాదు చేసే జాతీయ పోర్టల్ కూడా ఒకటే. అక్కడ ఆధారాలు జత చేయాల్సి వస్తే చాలామంది దగ్గర ఉండేది స్క్రీన్‌షాటే. నకిలీ వెబ్‌సైట్ మాయమైనా, అవతలివాళ్లు చాట్ చెరిపేసినా మిగిలేది అదే.

విండోస్‌లో 'ప్రింట్ స్క్రీన్' కీ ఒక్కటే నొక్కి పని అయిపోయిందనుకోవడం మామూలే. కానీ చాలా కంప్యూటర్లలో ఆ బొమ్మ క్లిప్‌బోర్డుకే వెళ్తుంది, ఫైల్‌గా సేవ్ కాదు. పేస్ట్ చేసేలోపు ఇంకేదైనా కాపీ చేస్తే క్లిప్‌బోర్డులో దాని స్థానంలోకి ఇది వచ్చేస్తుంది. విండోస్ 11 కొత్త వెర్షన్లలో అదే కీ స్నిప్పింగ్ టూల్‌ను తెరుస్తుంది. విండోస్ కీ పట్టుకుని ప్రింట్ స్క్రీన్ నొక్కడం మేలు. తెర మొత్తం 'పిక్చర్స్'లోని 'స్క్రీన్‌షాట్స్' ఫోల్డర్‌లో సేవ్ అవుతుంది. కొంత భాగమే కావాలంటే విండోస్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకోవాలి.

మ్యాక్‌లో కమాండ్, షిఫ్ట్, 3 నొక్కితే తెర మొత్తం, 3 బదులు 4 నొక్కితే ఎంచుకున్న భాగం డెస్క్‌టాప్ మీదకు వస్తాయి. 2018 నాటి మొహావే నుంచి 5తో వీడియో రికార్డింగ్ కూడా చేయొచ్చు. ఉబుంటు 22.04లో ప్రింట్ స్క్రీన్ నొక్కితే ఎంపికలు కనిపిస్తాయి. క్రోమ్‌బుక్‌లో కంట్రోల్‌తో పాటు విండోలన్నీ చూపించే కీ నొక్కాలి.

ఫిర్యాదు కోసమైతే తెర మొత్తం తీయడమే నయం. వెబ్‌సైట్ చిరునామా, మూలన ఉండే తేదీ, సమయం కూడా అందులో పడతాయి.

కోర్టు దాకా వెళ్తే బొమ్మ ఒక్కటే చాలదు. ఎలక్ట్రానిక్ రికార్డు నకలు సమర్పిస్తే 65బి(4) సర్టిఫికెట్ తప్పనిసరి అని 2020 జులై 14న అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అసలు పరికరాన్నే యజమాని కోర్టుకు తెచ్చి నిరూపిస్తే ఆ అవసరం లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో ఈ నిబంధన 63వ సెక్షన్‌గా ఉంది. దాని సర్టిఫికెట్‌లో ఫైల్ 'హ్యాష్ వాల్యూ' రాయాలి. ఇది ఒకరకంగా ఫైల్ వేలిముద్ర. బొమ్మను కత్తిరించి సేవ్ చేసినా, వాట్సాప్‌లో ఫొటోగా పంపి కుదించినా ఆ ముద్ర మారిపోతుంది. ఎర్ర గీతలు గీసి చూపించాలనుకుంటే మరో కాపీ మీద గీసుకోవచ్చు, మొదటి ఫైల్‌ను మాత్రం తీసిన కంప్యూటర్‌లోనే ముట్టుకోకుండా ఉంచాలి.