దురదకు దొరకని పేరు

స్టుట్‌గార్ట్ సమీపంలోని జిండెల్ఫింగెన్ కార్ల ఊరు. అక్కడి డైమ్లర్ కర్మాగారం 1915లో మొదలైంది. మోచేతి మడతలను రక్కుకుంటున్న పసివాడిని చూసి ఆ ఊరి వైద్యుడు 'న్యూరోడెర్మిటిస్' అంటే, తెలుగు తల్లికి ముందుగా తోచేది నరాల జబ్బని. ఆ పొరపాటు ఆమెది కాదు. 1891లో బ్రోక్, జాకే అనే ఫ్రెంచి వైద్యులు దురదకు మూలం నాడీవ్యవస్థలో ఉందని భావించి పెట్టిన పేరది. సిద్ధాంతం మరుగున పడినా జర్మన్ వాడుకలో పేరు నిలిచిపోయింది.

మరుసటి ఏడే ఎర్నెస్ట్ బెస్నియే అసలు ఆనవాలు పట్టుకున్నాడు. చర్మవ్యాధులను దద్దుర్ల రూపాన్ని బట్టి విభజించే కాలమది. ఈ వ్యాధిలో ముందు వచ్చేది దురదేననీ, ఇది వంశంలో నడుస్తుందనీ, ఉబ్బసంతో ముడిపడి ఉంటుందనీ ఆయన గమనించాడు. చర్మాన్ని చూడడంతో సరిపెట్టక కుటుంబ చరిత్ర అడగడం అలా రోగనిర్ధారణలో భాగమైంది.

1923లో అమెరికాలో కోకా, కుక్ వాడుకలోకి తెచ్చిన 'అటోపీ' అనే మాటను వారికి సూచించినవాడు ఎడ్వర్డ్ పెరీ అనే గ్రీకు పండితుడు. చోటు తప్పినది, వింతైనది అని దాని భావం. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకున్న పేరు కనుక ఇదే నిజాయితీ గలది. 1933లో వైజ్, సల్జ్‌బర్గర్ దీనినుంచి 'అటోపిక్ డెర్మటైటిస్' అన్నారు. జర్మనీలో మాత్రం 'ఎండోజెనస్ ఎక్జిమా' కొనసాగింది. ఆ విషయంపై కోర్టింగ్ గ్రంథం 1954లో స్టుట్‌గార్ట్‌లోనే అచ్చయింది.

1980లో హానిఫిన్, రాయ్కా నాలుగు ప్రధాన లక్షణాలు చెప్పారు: దురద, వయసును బట్టి మారే చోట్లు, తగ్గుతూ తిరగబెట్టే తీరు, సొంత లేదా కుటుంబ అలర్జీ చరిత్ర. వీటిలో మూడుండాలి, ఇరవై మూడు చిన్న లక్షణాల్లోనూ మూడుండాలి. ఇంత పట్టిక ఏ వైద్యుడికీ నోటికి రాదు. 1994లో బ్రిటన్ బృందం దానిని కుదించి, దురదకు తోడు ఐదింట మూడు చాలన్నది. రక్తపరీక్ష తప్పనిసరి కాదు: ఐజీఈ సాధారణంగా ఉన్నా ఈ వ్యాధి ఉండవచ్చు, ఎక్కువగా ఉన్నా లేకపోవచ్చు.

గోధుమరంగు చర్మం మీద ఎరుపు స్పష్టంగా తెలియదు. బూడిద, ఊదా, ముదురు గోధుమ ఛాయల్లో కనిపిస్తుంది. తెల్లని చర్మపు బొమ్మలతో చదువుకున్న కన్ను దీన్ని తేలిక చేసే ప్రమాదం ఉంది.

తెలుగులో చిక్కు మరో రకం. ఎక్జిమానూ, శిలీంధ్రం వల్ల వచ్చే వలయాకారపు మచ్చనూ మనం 'తామర' అనే అంటాం. మొదటిదానికి స్టెరాయిడ్ పూత మందు. రెండోదానిమీద అదే రాస్తే దురద తాత్కాలికంగా తగ్గి, వలయపు అంచు చెరిగిపోయి, శిలీంధ్రం లోలోపల పాకుతుంది. 1968లో ఐవ్, మార్క్స్ దీనికి 'టీనియా ఇంకాగ్నిటో' అని, అంటే మారువేషపు తామర అని, పేరు పెట్టారు. స్వదేశం నుంచి పెట్టెలో తెచ్చుకున్న మిశ్రమ పూతమందు ఏదైనా ముందే రాసి ఉంటే, ఆ గొట్టాన్ని కూడా జిండెల్ఫింగెన్ వైద్యుడికి చూపించాలి.