సమష్టి బేరము క్షీణించిన తెఱంగు

కూలివాడు ఒంటరిగా యజమాని నడుగుట మనవి యగును గాని బేరము కాదు. పదిమంది యేకమై యడిగిననాడే అది బేరమగును. హైదరాబాదు రాజ్యమున ఈ సత్యమునకు రూపమిచ్చిన సంస్థలలో 1946లో వెలసిన అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు ముఖ్యమైనది. ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ దాని నాయకుడు. ఆనాటి మిల్లులో పని చేయించువాడును, కూలి యిచ్చువాడును సాధారణముగా ఒక్కడే. ఎవరి నడుగవలెనో కార్మికునకు సందేహము లేదు.

నేడు ఉప్పల్, నాచారముల పారిశ్రామిక వాడలు దాటి తూర్పునకు సాగినచో పోచారమున ఐటీ సంస్థల ప్రాంగణములు కనబడును. ఇట్టి చోట్ల కావలివారు, వంటవారు, ఊడ్చువారు, తోటమాలులు తఱచుగా గుత్తదారుల మనుష్యులు. పని సంస్థది, కూలి గుత్తదారునిది. సంస్థ నడిగిన వారు మావారు కారనును. గుత్తదారు నడిగిన నాకు వచ్చునది యింతే యనును. గుత్త మాఱిననాడు కూడిన సంఘమును చెదరును.

ఈ స్థితి తనంత వచ్చినది కాదు. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టము సంఘములకు రక్షణ నిచ్చెను గాని, వానితో మాటాడుమని యజమానిని నిర్బంధింపలేదు. 1958 నాటి క్రమశిక్షణా నియమావళి ఆ గుర్తింపును యజమానుల యిచ్చకే విడిచెను. 1970 నాటి చట్టముచే గుత్తకూలిని కొన్ని పనులలో నిషేధించు నధికారము ప్రభుత్వములకు కలిగెను. అట్లు నిషేధించినచో కార్మికులు అసలు యజమానికే చెందుదురని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2001 ఆగస్టు 30న ఆ తీర్పును తానే త్రోసిపుచ్చెను. 2003లో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టమును సవరించి, పారిశుద్ధ్యము, కావలి, క్యాంటీను, తోటపని మొదలగువానిని సంస్థ ముఖ్యకార్యముల నుండి వేఱు చేసెను.

బొంబాయిలో 1982లో సుమారు 2.5 లక్షల మిల్లు కార్మికులు మొదలిడిన సమ్మె విఫలమైనప్పుడు దేశమంతయు వినెను. ఇచ్చట సమ్మెయే లేదు. కావున ఓటమియు వినబడలేదు.

సమష్టి బేరము కాలము చెల్లిన దనువారు సింగరేణిని చూడవలెను. అచ్చట 1998 నుండి కార్మికులు రహస్య ఓటుతో గుర్తింపు సంఘము నెన్నుకొనుచున్నారు. 2023 డిసెంబరు 27న కూడ ఎన్నిక జరిగెను. యజమాని యొక్కడైన చోట బేరము బ్రదికియే యున్నది. కాని ఆ గనులలోను గుత్తకూలీలకు ఆ ఓటు లేదు.

2020లో పార్లమెంటు చేసిన కార్మిక కోడ్లు 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినవి. 51 శాతము సభ్యత్వము గల సంఘముతో యజమాని చర్చింపవలెనన్నది వానిలో మేలైన మాట. కాని ముఖ్యకార్యము, ఇతరకార్యము అను విభజనయు వానిచే దేశమంతటికిని వ్యాపించినది. ఒక చేత నిచ్చినదానిని వేఱొక చేత తీసికొనుట కాదా యిది?

గుత్తపద్ధతి పలువురకు పని కల్పించు ననుట మేమెఱుగుదుము. దానిని రూపుమాపు మని మేము కోరుట లేదు. పని చేయించు సంస్థ గుత్తదారుతో పాటు బేరమునకు కూర్చుండవలెననియే మా కోరిక. మన బిడ్డలనేకులు అట్టి ప్రాంగణములలో ఉద్యోగులు. తమకు వండి వడ్డించువారి కూలిని నిర్ణయించుచున్న దెవ్వరో వారైన నడుగవలదా?